మృచ్ఛకటికం కొత్తగా వేస్తున్నారా? సెట్ ఇలా కట్టుకోండి

శూద్రకుడు సంస్కృతంలో రాసిన నాటకం మృచ్ఛకటికంలో పది అంకాలున్నాయి. పేదవాడైపోయిన వర్తకుడు చారుదత్తుడి ఇల్లు, అతన్ని ప్రేమించిన గణిక వసంతసేన మేడ, జూదగాళ్ళు తరుముకొచ్చే వీధి, పాడుబడ్డ గుడి, ఊరి బయట తోట, న్యాయస్థానం, చివరికి వధ్యస్థానం, అన్నీ అందులోనే. ఈ నాటకం ఎత్తుకుందామనుకునే బృందాలు మొదట బెదిరేది ఈ చోట్ల జాబితా చూసే. ఇన్ని ఒకే స్టేజీ మీద ఎలా చూపిస్తాం, ఎంత ఖర్చవుతుంది, ఎవరు మోస్తారు అని. కింద నేను చెప్పేదంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: నటుడు ముట్టుకునేదీ, ఎక్కేదీ, పగలగొట్టేదీ మాత్రం నిజంగా, గట్టిగా కట్టండి. మిగతాది మాటకీ నడకకీ వదిలేయండి. అలా చేస్తే పది అంకాలకీ ఒక్క సెట్ సరిపోతుంది, అదీ ఒక చిన్న లారీలో పట్టేంత.

1. నాటకాన్ని చేతుల కోసం చదవండి

స్క్రిప్టు ముందేసుకుని, బొమ్మలు గీయడం మొదలుపెట్టకుండా, ఒక కాగితం మీద ఇదొక్కటే రాసుకోండి: ఏ అంకంలో ఎవరి చెయ్యి దేన్ని తాకుతుంది, ఎవరి కాలు దేని మీద పడుతుంది. మొదటి అంకంలో చీకట్లో వెంటపడిన రాజు బావమరిది శకారుడి నుంచి తప్పించుకున్న వసంతసేన గోడ తడుముకుంటూ వచ్చి, పక్క తలుపు తెరుచుకోగానే పైట చెంగుతో దీపం ఆర్పి లోపలికి జొరబడుతుంది. అంటే గోడ కావాలి, తలుపు కావాలి, దీపం కావాలి. రెండో అంకంలో జూదంలో ఓడిన సంవాహకుడు పాడు గుడిలోకి దూరి విగ్రహంలా నిలబడిపోతాడు. అతను నిలబడడానికి ఒక పీఠం చాలు, గుడి అక్కర్లేదు. మూడో అంకంలో దొంగ శర్విలకుడు చారుదత్తుడి ఇంటి గోడకి కన్నం వేస్తాడు. ఆరో అంకంలో బళ్ళు తారుమారవుతాయి. ఎనిమిదో అంకంలో శకారుడు గొంతు నులిమితే స్పృహ తప్పిన వసంతసేన మీద ఎండుటాకులు కప్పేస్తారు. పదో అంకంలో శకారుడి బండివాడు స్థావరకుడు మేడ మీంచి దూకుతాడు.

ఈ జాబితా పూర్తయ్యాక చూస్తే చేతికి తగిలేవి పట్టుమని పది కూడా ఉండవు. గోడ, తలుపు, దీపం, అరుగు, పీఠం, బండి, ఆకుల గుట్ట, మేడ, మట్టిబండి. మీ డబ్బూ సమయమూ వీటికే.

జాబితాలోకి రానిది కూడా గమనించండి. నాలుగో అంకంలో చారుదత్తుడి స్నేహితుడు మైత్రేయుడు వసంతసేన ఇంట్లో ఎనిమిది ప్రాంగణాలు దాటుకుంటూ వెళ్తాడు, ఒక్కోదాన్నీ చూసి నోరెళ్ళబెట్టి వర్ణిస్తాడు. దర్శకుడు ఉత్సాహపడి వాటిలో కనీసం రెండు చూపిద్దామంటాడు, ఒప్పుకోకండి. ఆ ప్రాంగణాలు మైత్రేయుడి మాటల్లో ఉన్నాయి, వెనకాల మీరేది పెట్టినా ఆ మాటల ముందు వెలవెలబోతుంది. నాట్యశాస్త్రంలో కక్ష్యావిభాగం అని ఒక పద్ధతి ఉంది, నటుడు రంగస్థలం మీద ఒక చుట్టు తిరిగితే చోటు మారినట్టు. ఈ నాటకం ఆ పద్ధతిని మనసులో పెట్టుకుని రాసింది కాబట్టి అది వాడుకున్నంత మేరా మీకు వడ్రంగం పని తగ్గుతుంది.

2. ఊరు ఖాయం చేసుకోండి, సంవత్సరం వద్దు

మూలంలో కథ జరిగేది ఉజ్జయినిలో. కొత్తగా వేస్తున్నామంటే దాన్ని మనకి తెలిసిన చోటుకి తేవచ్చు. నా సలహా అయితే బందరులాంటి పాత రేవు పట్నం. ఒకప్పుడు ఓడల మీద బట్టలు వెళ్ళిన ఊరు, వ్యాపారం పోయి పెద్ద పెద్ద ఇళ్ళు మాత్రం మిగిలిన ఊరు. దానధర్మాలు చేసి చితికిపోయిన వర్తకుడు చారుదత్తుడికి అంతకన్నా సరైన ఇల్లు దొరకదు: మండువా లోగిలి, ముందు అరుగులు, పెచ్చులూడిన సున్నపు గోడలు, గూనపెంకుల చూరు. పైగా మండువా అంటే నాలుగు పక్కలా వసారా, మధ్యలో ఆకాశం. స్టేజీకి అది పుట్టుకతోనే సరిపోయిన ఆకారం.

కాలం విషయంలో మాత్రం జాగ్రత్త. ఇది ఫలానా సంవత్సరం అని ఖాయం చేశారో, కథలో రాజు ఉన్నాడు, మరణశిక్ష ఊరేగింపు ఉంది, గోపాలకుడిగా పెరిగిన ఆర్యకుడు చివర్లో రాజవుతాడు, ఇవన్నీ ఎదురు తిరుగుతాయి. అందుకని తాతల కాలం అన్న భావన వచ్చేలా ఉంచి, తేదీ చెప్పే వస్తువు ఒక్కటి కూడా స్టేజీ మీదకి రానివ్వకండి. గోడగడియారం, కేలండరు, కరెంటు స్విచ్చి, ప్లాస్టిక్ బిందె, ఏవీ వద్దు. సందేహం వచ్చిన ప్రతి వస్తువునీ ఒక్క ప్రశ్న అడగండి: జట్కాబండీ, రాజభటుడూ ఉన్న వీధిలో ఇది ఇమిడిపోతుందా? ఇమడకపోతే పక్కన పెట్టేయండి.

రంగుల కోసం కూడా ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. బందరు, పెడన కలంకారీలో ఉన్న ఎరుపు, నలుపు, నీలి, కరక్కాయ పసుపు, వీటినే తీసుకోండి. చారుదత్తుడి ఇంటికి వెలిసిన సున్నం, కావి, బూడిద రంగు. వసంతసేన ఇంటికి అదే మండువాలో స్తంభాలకీ మేడ పిట్టగోడకీ నిండు రంగుల కలంకారీ బట్టలు వేలాడదీస్తే చాలు, ఇల్లు మారిపోతుంది. ఇద్దరు మనుషులు అర నిమిషంలో చేసే పని. చేసేటప్పుడు తెర వేయకండి, వసంతసేన దాసీలే పాత్రల్లో ఉండి ఆ బట్టలు కడుతూ రానివ్వండి. తొమ్మిదో అంకం మొదట్లో శోధనకుడనే నౌకరు వచ్చి న్యాయస్థానంలో ఆసనాలు సర్దుతాడు కదా, అంటే చోటు మార్చే పనిని పాత్రకే అప్పగించడం శూద్రకుడు మనకి చూపించిన దారే.

3. హాలు కొలత, నేల పటం

టేపు పట్టుకుని హాలుకి వెళ్ళండి. రవీంద్రభారతి కొలతలు వేరు, తుమ్మలపల్లి కళాక్షేత్రం కొలతలు వేరు, పరిషత్తు పోటీలకి ఊళ్ళో వేసే పందిరి స్టేజీ ఇంకా వేరు. ముందు తెర తెరుచుకునే వెడల్పు, లోతు, పైన బట్టలు కట్టే పైపు ఎత్తు, సైడ్ వింగుల్లో, అంటే ప్రేక్షకులకి కనపడని పక్క భాగాల్లో ఎంత జాగా ఉంది, సామాను లోపలికి తెచ్చే తలుపు ఎంత వెడల్పు. ఈ చివరిది చాలామంది కొలవరు, తీరా నాటకం రోజు మేడ ముక్క గుమ్మంలో ఇరుక్కుంటుంది. నాలుగైదు హాళ్ళలో వేయాలనుకుంటే అన్నిట్లోకీ చిన్న స్టేజీని పట్టుకుని దానికే సెట్ గీయండి. అమెరికాలోనో ఇంకోచోటో తెలుగు సంఘం వాళ్ళు స్కూల్ ఆడిటోరియం అద్దెకి తీసుకుని వేస్తుంటే నేలకి మేకు కొట్టనివ్వరనే అనుకుని, మొత్తం బరువుల మీదే నిలబడేలా కట్టుకోండి.

ఉదాహరణకి 30 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు ఉన్న స్టేజీ అనుకుందాం. గ్రాఫ్ కాగితం మీద ముందు 5 అడుగుల మేర మొత్తం ఖాళీగా వదిలేయండి, అది వీధి. వెనక మధ్యలో మండువా: నేలని లోతు చేయలేం కాబట్టి చుట్టూ అరుగు ఎత్తి మధ్యని కిందకి ఉన్నట్టు చూపిస్తాం. ప్రేక్షకుల ఎడమ చేతి వైపు కన్నం పడే గోడ. కుడి చేతి వైపు మేడ. పక్క తలుపు గోడకీ మండువాకీ మధ్య.

గీశాక చూపు గీతలు సరిచూడాలి. ముందు వరసలో ఎడమ చివరి కుర్చీ, కుడి చివరి కుర్చీ, ఈ రెండు చోట్ల నుంచీ స్కేలు పెట్టి గీతలు లాగండి. కన్నం ఆ రెండు కుర్చీలకీ కనపడాలి. కనపడకపోతే గోడని 30 డిగ్రీలు ప్రేక్షకుల వైపు తిప్పండి. నాట్యశాస్త్రం రాసిన భరతుడు మధ్యమ నాట్యమండపాన్ని 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు అని చెప్పి, అంతకంటే పెద్దదైతే నటుడి మాటా ముఖంలో భావమూ సరిగా అందవన్నాడు. మీ హాలు అంతకంటే పెద్దదైతే సెట్‌ని పెంచకండి, ఇంకా ముందుకి జరపండి.

4. అట్టతో చిన్న నమూనా

అర అంగుళాన్ని ఒక అడుగుగా లెక్క వేసుకుని అట్టతో మొత్తం సెట్ చేయండి. 30 అడుగుల స్టేజీ 15 అంగుళాలవుతుంది, బల్ల మీద పడుతుంది. రెండున్నర అంగుళాల కంటే కాస్త ఎక్కువ ఎత్తులో అట్ట మనుషుల్ని కత్తిరించి పెట్టండి. దర్శకుడితో కూర్చుని పది అంకాలూ ఆ అట్ట మనుషులతో నడిపించండి. ఎవరు ఎటు నుంచి వస్తారు, బండి ఎక్కడ ఆగుతుంది అన్న గొడవలన్నీ అట్ట దగ్గరే తేలిపోవాలి, ప్లైవుడ్ కోశాక తేలితే డబ్బు దండగ. మొబైల్ టార్చి నీలి కాగితంలోంచి వేసి చూస్తే రాత్రి దృశ్యాల్లో నీడలు ఎటు పడతాయో కూడా తెలుస్తుంది.

5. అరుగులు, స్తంభాలు, మేడ

ప్లైవుడ్ షీటు 8 అడుగులకి 4 అడుగులు వస్తుంది, అరుగుల కొలతలు దానికే సరిపెట్టండి, ముక్క వృథా కాదు. వెనక వైపు 8x4 రెండు, పక్కలకి 4x4 ఒక్కోటి, అంటే మూడు షీట్లు. 18 మిల్లీమీటర్ల మందం తీసుకోండి. ఎత్తు 8 అంగుళాలు చాలు, చీర కట్టుకున్నవాళ్ళు కిందకి చూడకుండా ఎక్కగలగాలి. కింద రీపర్లతో (సన్నటి చెక్క బద్దలతో) చట్రం, ప్రతి 2 అడుగులకీ ఒక అడ్డ కర్ర. చట్రం మేకులతో కాకుండా స్క్రూలతో బిగించండి, కీళ్ళలో జిగురు వేయండి. ఒక్కో పెద్ద షీటే 30 కిలోల పైన తూగుతుంది, చట్రం కలిస్తే ఇంకా, కాబట్టి ప్రతి ముక్కకీ పక్కన చేతులు పట్టే కంతలు కోయించండి. అరుగు మీద నడిస్తే డబడబ మోత వస్తుంది, కింద పాత దుప్పటి ముక్కలు అంటిస్తే తగ్గుతుంది. ముక్కలు పక్కపక్కన చేర్చి నట్టు బోల్టుతో కలపండి.

స్తంభాలకి 6 అంగుళాల పీవీసీ పైపు వాడొచ్చు. దానికి గోనెపట్టా చుట్టి, జిగురులో రంపపు పొట్టు కలిపి పూత పూస్తే ఎండాక పాత టేకు స్తంభంలా గరుకుగా ఉంటుంది. అడుగున ఇసుక నింపండి. పైన నాలుగింటినీ కలుపుతూ దూలం లేకపోతే ఎవరో ఒకరు ఆనుకున్నప్పుడు కదులుతుంది, మండువా అనే నమ్మకం అక్కడితో పోతుంది. చూరు కోసం బట్టల కొట్లలో తాను చుట్టి పారేసే అట్ట గొట్టాలు అడిగి తెచ్చుకోండి. నిలువుగా రెండుగా చీలిస్తే గూనపెంకులు తయారు. వెదురు చట్రం మీద రెండే వరసలు అంటించండి, చూరు అంచు ఒక్కటి కనిపిస్తే కప్పు మొత్తం ఉన్నట్టే.

మేడ మాత్రం వడ్రంగితో చేయించకండి, వెల్డింగ్ షాపుకి వెళ్ళండి. 40 మిల్లీమీటర్ల చదరపు ఇనప గొట్టంతో చట్రం, 5 అడుగుల ఎత్తు, పైన 8x4 అరుగు, నాలుగు వైపులా ఐమూల కడ్డీలు, అన్నీ బోల్టులతో విడదీసేలా. ఐమూల కడ్డీలు లేకుండా ఒప్పుకోకండి, ఊగే మేడ మీద నిలబడ్డ నటి ముఖంలో టెన్షన్ తప్ప ఇంకేదీ కనపడదు. వెనక మెట్లు ఏడున్నర అంగుళాల ఎత్తుతో ఎనిమిదైతే లెక్క సరిపోతుంది. రెండో అంకం చివర వసంతసేన చారుదత్తుణ్ణి చూడడానికి మేడెక్కేది ఇక్కడికే, శకారుడు స్థావరకుణ్ణి గొలుసులతో కట్టిపడేసేదీ ఇక్కడే. స్థావరకుడు దూకేది స్టేజీ వెనక వైపుకి పెట్టండి, అక్కడ మందపాటి పరుపు పరచండి, అతను చుట్టూ తిరిగి పరిగెత్తుకొచ్చేలోపు చెవికి గొలుసు తెగిన చప్పుడు వినిపిస్తే చాలు. దూకే చోట పిట్టగోడ తీసేసినట్టుంటే మిగతా వైపులన్నీ కనీసం 3 అడుగుల రెయిలింగ్ ఉండాలి.

6. కన్నం వేసే గోడ

మొత్తం సెట్‌లో మీరు ఎక్కువ ప్రేమ పెట్టాల్సింది దీనిమీదే. శర్విలకుడు మామూలు దొంగ కాడు, కన్నం వేయడం ఒక శాస్త్రం అనుకునేవాడు. కాల్చిన ఇటుకైతే లాగాలి, పచ్చి ఇటుకైతే కోయాలి, మట్టి గోడైతే తడపాలి, కర్రదైతే చీల్చాలి అని నియమాలు వల్లిస్తాడు. విచ్చిన తామర, సూర్యుడు, నెలవంక, దిగుడుబావి, స్వస్తికం, ఇలా ఆకారాలన్నీ తలుచుకుని చివరికి ఇటుక గోడకి పూర్ణకుంభమే అందం అని తేల్చుకుంటాడు. కొలతాడు మర్చిపోయానని జంధ్యంతో కొలుస్తాడు. తెల్లారాక ఆ కన్నాన్ని చూసిన చారుదత్తుడు, ఇల్లు దోచుకున్నారని ఏడవకుండా, ఎంత చూడముచ్చటగా ఉందో అని మెచ్చుకుంటాడు. అంచేత గోడకి ఏదో ఒక బొక్క పడితే చాలదు. వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా అది కలశమని తెలియాలి.

ఫ్లాట్, అంటే గోడలా నిలబెట్టే పలక, 8 అడుగుల ఎత్తు, 6 అడుగుల వెడల్పు. రీపర్ల చట్రం మీద 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్. అందులో మూడున్నర అడుగుల ఎత్తు, మధ్యలో రెండున్నర అడుగుల వెడల్పు ఉండేలా కలశం గీసి కోయండి. కోసే ముందు శర్విలకుడి వేషం వేసే నటుణ్ణి పిలిచి అట్ట కోసి అందులోంచి దూరమనండి, భుజాలు తగిలితే మెడ భాగాన్ని వెడల్పు చేయండి. వెనక అంచు చుట్టూ 9 అంగుళాల లోతున పెట్టెలా పలకలు బిగించండి. అప్పుడే అది మందమైన గోడలా కనిపిస్తుంది, లేదంటే అట్టకి చిల్లు పెట్టినట్టుంటుంది.

ఇటుకలకి సోఫాల్లో వాడే గట్టి స్పాంజ్ మంచిది. 9 అంగుళాల పొడవు, 3 అంగుళాల మందంతో కోసి, ఎర్రమట్టి రంగులో జిగురు కలిపి రెండు పూతలు వేయండి. కలశం అంచుకి తగిలే ఇటుకల్ని ఆ వంపుకే కోయాలి. ప్రతి ఇటుక వెనకా నంబరు రాయండి, వెనక పలక మీద అదే నంబర్లతో పటం గీసి పెట్టండి, లేకపోతే ప్రతి ప్రదర్శనకీ ముందు గంటసేపు కుస్తీ పట్టాలి. ఇటుకలు పేర్చాక ముందు వైపు పల్చటి కాగితం అంటించి గోడ రంగే పూసేయండి. ఈ కాగితం ప్రతి ఆటకీ కొత్తది వేయాలి, ఆ పని ఒకరికి అప్పగించండి, అందరి పనీ అంటే ఎవరూ చేయరు.

ఇక నటుడి పని. మొదటి ఇటుక, అంటే మిగతావాటిని పట్టి ఉంచే ఇటుక, కలశం నడుము దగ్గర కుడివైపు ఉంచి దానికి చిన్న గుర్తు పెట్టండి. కాగితం చిరిగాక అతను దాన్ని లాగితే మిగతావి వరసగా వస్తాయి. లోపల గోడ వెనక ఒకరు కూర్చుని కొన్నిటిని అందుకుంటారు, చప్పుడుండదు. వాటి మధ్యలో ఒక్క నిజమైన ఇటుక పెట్టి దాన్ని మాత్రం కింద పడనివ్వండి. ఆ ఒక్క చప్పుడుకి హాలంతా ఊపిరి బిగపడుతుంది, మిగతా స్పాంజ్ ఇటుకలన్నీ నిజమైనవేనని నమ్మేస్తారు. లోపల్నుంచి సన్నటి పసుపు వెలుగు రానిస్తే కలశం ఆకారం చీకట్లో తేలుతుంది.

దీపపు గూడు కూడా ఈ గోడ పక్కనే, పక్క తలుపు దగ్గర పెట్టండి. మొదటి అంకంలో పైట చెంగు, మూడో అంకంలో శర్విలకుడు వదిలిన పురుగు, రెండుసార్లు దీపం ఆరాలి. మంట వద్దు. ప్రమిదలో మినుకుమినుకుమనే చిన్న ఎల్‌ఈడీ పెట్టి, వైరు గోడ వెనక్కి తీసి స్విచ్చి ఒకరి చేతికివ్వండి. చెంగు కదిలిన క్షణానికే ఆరాలి కాబట్టి ఆ ఒకరు రిహార్సల్స్ అన్నిటికీ రావాలి.

7. జట్కాబండి, మట్టిబండి

ఆరో అంకంలో వసంతసేన చారుదత్తుడి బండి అనుకుని శకారుడి బండి ఎక్కేస్తుంది, ఈ ప్రవహణ విపర్యయం (బళ్ళ తారుమారు) కోసం రెండు బళ్ళు కట్టక్కర్లేదు. గుర్రమూ అక్కర్లేదు. జట్కాలోకి ఎక్కేది వెనక నుంచి, ఇదే మనకి కలిసొచ్చే విషయం. బండి వెనక సగం మాత్రమే వింగులోంచి బయటికి వచ్చి ఆగాలి, గుర్రం లోపల ఎక్కడో ఉన్నట్టు మువ్వల చప్పుడు. పైగా స్థావరకుడి బండి వెళ్ళిపోయాకే చారుదత్తుడి బండివాడు వర్ధమానకుడు తిరిగొస్తాడు, రెండూ ఒకేసారి కనిపించాల్సిన పని లేదు, కాబట్టి ఒకే సగం బండి రెండు పాత్రలూ పోషిస్తుంది. వసంతసేన ఎందుకు పొరబడిందో ప్రేక్షకులకి చెప్పకుండానే అర్థమవుతుంది. తేడా తెలియడానికి బండివాళ్ళ తలపాగా రంగులు మార్చండి.

గూడు వెదురు బద్దలతో వంచి పైన చాప కట్టండి. అడుగు పలక మాత్రం గట్టిగా ఉండాలి, ఎందుకంటే చెర తప్పించుకున్న ఆర్యకుడు లోపల దాక్కుని ఉండగానే రాజభటుడు చందనకుడు ఎక్కి చూస్తాడు, ఇద్దరి బరువు. బరువు మోసేది పలక కింద దాచిన బ్రేకున్న చిన్న చక్రాలు, బయటికి కనిపించే పెద్ద చక్రం ప్లైవుడ్‌తో కోసి రంగేసినది, నేలకి అర అంగుళం పైనే ఉండాలి.

మట్టిబండి అంత చిన్నది కాబట్టి ఆఖర్లో చూసుకుందాం అనుకోకండి, నాటకానికి పేరు దాని వల్లే వచ్చింది. పక్కింటి పిల్లవాడి బంగారు బండి కావాలని చారుదత్తుడి కొడుకు రోహసేనుడు ఏడిస్తే వసంతసేన తన నగలు తీసి ఇందులో నింపుతుంది. ఆ నగలే తొమ్మిదో అంకంలో మైత్రేయుడి దగ్గర్నుంచి జారిపడి చారుదత్తుణ్ణి వసంతసేనని చంపిన నేరస్థుణ్ణి చేస్తాయి. పొడవు 12 అంగుళాలకి తగ్గితే వెనక వరసలకి కనపడదు. లోపల గుల్లగా, నగలు పట్టేలా ఉండాలి. మీ ఊళ్ళో కుమ్మరి ఉంటే ఆయన చేతే మూడు చేయించుకోండి, ఒకటి పగిలినా రెండుంటాయి. కొండపల్లి బొమ్మబండి అందంగా ఉంటుంది, దొరుకుతుంది కూడా, అయినా వాడకండి. రంగులద్దిన ఆ బండి చేతిలో ఉంటే ఏ పిల్లవాడూ ఏడవడు.

8. వానా, ఆకులూ

ఐదో అంకం వానకి నీళ్ళు పోయకండి. పైన పైపుకి సన్నటి నైలాన్ దారాలు 40, 50 నిలువుగా కట్టి పక్క నుంచి లైటు వేస్తే వాన ధారల్లా మెరుస్తాయి. వాన చప్పుడుకి రేకు పళ్ళెంలో పెసలు, ఉరుముకి వేలాడదీసిన పెద్ద ఇనప రేకు. ఒక్కచోట మాత్రం నిజం నీళ్ళు ఉండనివ్వండి: బురద కాళ్ళతో వచ్చిన వసంతసేన అరుగు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంది. అక్కడ రబ్బరు చాప పరిచి దానిమీద గోనె కప్పండి, తర్వాత వచ్చేవాళ్ళు జారకూడదు.

ఎనిమిదో అంకంలో నిజమైన ఎండుటాకులు పొడైపోతాయి, కాలికింద జారతాయి, కింద పడుకున్న నటికి తుమ్ములొస్తాయి. పాత నూలుగుడ్డని టీ డికాషన్‌లో ముంచి ఆకులుగా కత్తిరించి చేపల వలకి కుట్టేయండి. నటికి ముఖం మీద వల బిగుసుకోకూడదు, బౌద్ధ భిక్షువు ఆ ఆకుల మీద తడి బట్ట ఆరేయగానే చెయ్యి బయటికి రావడానికి ఒక పక్క వదులుగా ఉంచండి. వల కింద నాలుగైదు గలగలలాడే కాగితాలు పెడితే ఎండుటాకుల చప్పుడూ వస్తుంది.

9. రంగు వేయడం

సురభి నాటక కంపెనీ 1885 నుంచి చిత్రించిన తెరలతో కోటలూ అడవులూ చూపిస్తూ వచ్చింది, ఆ కళ మీద నాకు చాలా గౌరవం. కానీ ఇక్కడ వెనక తెర మీద ఊరంతా బొమ్మ వేస్తే ముందు నిజం గోడ తేలిపోతుంది. వెనకాల ఖాళీ బూడిద నీలం తెర ఒక్కటే పెట్టి రంగు పని అంతా గోడ మీద చేయండి.

ముందు ప్లైవుడ్ మీద నూలు గుడ్డ జిగురుతో అంటించి కీళ్ళు కప్పేయండి. దాని మీద ఇటుక ఎరుపు, ఎండాక అక్కడక్కడా జిగురు చిక్కగా పూసి, అది తడి ఆరీ ఆరకుండా బంకగా ఉన్నప్పుడే పైన సున్నం రంగు వేయండి. ఎండేకొద్దీ పై పొర పగుళ్ళిస్తుంది, లోపలి ఎరుపు తొంగిచూస్తుంది. అచ్చమైన తెలుపు మాత్రం ఎక్కడా వద్దు, లైటు పడగానే నటుడి ముఖం కంటే గోడ ఎక్కువ మెరుస్తుంది, కాస్త పసుపూ కాస్త నలుపూ కలిపి ఆ మెరుపు చంపండి. నేల నుంచి 2 అడుగుల దాకా చెమ్మ పట్టినట్టు ఆకుపచ్చ కలిసిన నలుపుని తడి స్పాంజ్‌తో అద్దండి. చేతులు ఎప్పుడూ తగిలే చోట, తలుపు అంచుల దగ్గర, స్తంభాల నడుముల దగ్గర జిడ్డు నలుపు. రంగు వేశాక నాలుగో వరస నుంచీ, చివరి వరస నుంచీ, నీలి లైటులోనూ పసుపు లైటులోనూ చూడండి. దగ్గర్నుంచి మొరటుగా ఉన్నదే దూరానికి సరిగ్గా ఉంటుంది.

10. మంట, బరువు, చీకట్లో దారి

నూలు బట్ట, గోనె, చాప, కాగితం, ఇవన్నీ లైట్ల దగ్గర ప్రమాదమే. పది లీటర్ల వేడినీళ్ళలో 700 గ్రాముల వెలిగారం (బోరాక్స్), 300 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, రంగు వేయకముందే నూలు బట్టలనీ గోనెనీ అందులో ముంచి ఆరేయండి. ఒక ముక్క కత్తిరించి బయట ఆరుబయట నిప్పు పెట్టి చూడండి, మంట పాకకుండా నల్లబడి ఆగిపోవాలి. పాలియెస్టర్ మీద ఇది పనిచేయదు, తడిస్తే మందు కడుక్కుపోతుంది, మళ్ళీ ముంచాలి. థర్మోకోల్ తేలిక, చవక, అయినా ఈ సెట్‌లోకి రానివ్వకండి, అంటుకుంటే కరిగి కారుతూ విషపు పొగ వస్తుంది. వింగు దగ్గర మంటలార్పే సిలిండరు, అది వాడడం తెలిసిన మనిషి, రెండూ ఉండాలి.

ప్రతి ఫ్లాట్ వెనకా ఒక పోటు కర్ర, దాని కాలి మీద 20 కిలోల ఇసుక బస్తా. కన్నం గోడకి రెండు పెట్టండి, మనిషి అందులోంచి దూరతాడు. మేడ మెట్లకీ అరుగుల అంచులకీ వెనక వైపు తెల్ల టేపు అంటించండి, చీకట్లో పరిగెత్తేవాళ్ళకి దారి కనపడాలి.

11. బిగింపు రిహార్సల్

పోటీ నాటకమైతే నిర్వాహకులు సెట్ పెట్టుకోవడానికి ఎన్ని నిమిషాలిస్తారో ముందే కనుక్కుని, అందులో మూడో వంతు తగ్గించుకుని గడియారం పెట్టి సాధన చేయండి. వరస ఇలా ఉండాలి: మొదట మేడ, తర్వాత అరుగులు, స్తంభాలు, చూరు, ఆ తర్వాత గోడ, చివర్లో బండి. లారీలోకి ఎక్కించేది దీనికి తిరగేసి, అంటే బండి ముందు లోపలికి పోవాలి, మేడ గొట్టాలు ఆఖర్న ఎక్కాలి. నేల మీద ప్రతి ముక్క కూర్చునే చోటుని పెద్ద గుడ్డ మీద గీసి పెట్టుకుంటే ఏ ఊరెళ్ళినా ఆ గుడ్డ పరిచి చుట్టూ సుద్దముక్కతో గుర్తులు పెట్టి తీసేయొచ్చు, కొలవక్కర్లేదు.

నటులందరూ వేషాలతో ఒకసారి, లైట్లతో ఒకసారి మొత్తం నాటకం ఈ సెట్ మీద నడవాలి. ఆ రోజు మీరు స్టేజీ మీద ఉండకండి, హాల్లో చివరి వరసలో కూర్చుని కాగితం మీద రాసుకోండి: ఎవరు ఎక్కడ తడబడ్డారు, ఏ తలుపు కిర్రుమంది, కలశం కనిపించిందా, మట్టిబండి కనిపించిందా. తలుపు కిర్రుమంటే కీళ్ళకి కొబ్బరినూనె వేయండి, మొదటి అంకంలో మాత్రం ఆ కిర్రు ఉంటేనే బాగుంటుందని దర్శకుడంటే వినండి, నాకూ అదే ఇష్టం. విడి బోల్టులన్నీ ఒక మూత ఉన్న డబ్బాలో, అదనంగా ఓ పదితో, ఎప్పుడూ ఒకే మనిషి దగ్గర ఉండాలి. ఆట అయ్యాక ఇటుకలు నంబర్ల ప్రకారం లెక్కపెట్టి గోనెసంచిలో వేయండి. నిజమైన ఇటుక పడి విరిగి ఉంటుంది, దానికి బదులు ఇంకోటి వెళ్ళేదారిలో కొనుక్కోవచ్చు.